చప్పుడు లేని గది

"వాడు పగలు కొట్లో ఉండటంలేదు, ఇంట్లో ఉండటంలేదు. మరి ఎక్కడున్నట్టు? చెప్పకూడదనుకుంటూనే చెబుతున్నాను పార్వతీ. ఆ నాంచారమ్మ ఇంటిముందు కారు పెట్టి ఉంటోందట."

సుబ్బరత్నం మాట పూర్తిచేసి కాఫీ గ్లాసు అందుకుంది. శివపార్వతి పెనం మీది పెసరట్టును తిరగేసింది. అడుగువైపు అప్పటికే మాడిపోయింది.

నిన్న సాయంత్రం ఫోనులో సగం చెప్పి ఆపేసిన సంగతిని పూర్తిచేయడానికి ఆవిడ పొద్దున్నే గవర్నర్‌పేట నుంచి ఆటో కట్టించుకుని పటమట వచ్చింది. ఆవిడ భర్త బసవయ్యకి అక్కడ మోటార్లూ పంపులూ అమ్మే కొట్టుంది. రొయ్యల చెరువులు కౌలుకిచ్చి ఊరు వదిలి పట్నం వచ్చాక, ఆవిడ తమ్ముడు, శివపార్వతి భర్త వెంకటకృష్ణారావు ఆ కొట్లోనే బావగారితో కలిశాడు. రోజూ పొద్దున్న వెళ్ళి కూర్చుంటాడు. మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వెళుతున్నానని కొట్లో చెబుతాడు. కొట్లోనే తినేశానని ఇంట్లో చెబుతాడు.

ఆ మధ్య వేళంతా మనిషి ఏమైపోతున్నాడో నిన్నటిదాకా ఎవరికీ పట్టలేదు. సరుకు వేసుకెళ్ళే వ్యాను డ్రైవరు హనుమాన్ జంక్షన్ దాటాక గుడివాడ రోడ్డులో కారుని చూశాడు. ఒకసారి కాదు, అటు వెళ్ళినప్పుడల్లా చూశాడట.

"నాంచారమ్మగారంటే మన చెరువులు కౌలుకి తీసుకున్న మణికుమార్ వాళ్ళమ్మే కదత్తా" అంది ఉషశ్రీ. మెడలో ఉద్యోగం కార్డు వేసుకుని బయలుదేరబోతూ ఆగిపోయింది. రక్తపరీక్షలు చేసే సెంటర్లో పని ఆ పిల్లకి. "నాన్న చెరువు చూసుకోవడానికి వెళ్ళి ఉంటారు."

"చెరువు చూసుకునేవాడు చెప్పి వెళతాడమ్మా. రెండుచోట్లా అబద్ధమాడి వెళ్ళడు."

ఉషశ్రీ ఊరుకోలేదు. నాన్న ఎక్కడికి వెళుతున్నాడన్నది తర్వాత చూద్దాం, ముందు ఆయన ఎలా అయిపోతున్నాడో చూశారా అని అడిగింది. ఈ ఇంటికొచ్చి ఏడాది కాలేదు, బీపీ మాత్ర ఒకటల్లా రెండయింది. లేని షుగరు వచ్చేలా ఉంది. తెలిసినవాళ్ళ పేర్లు మర్చిపోతున్నాడు. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి మొన్న టీవీ రిమోటు కోసం గిన్నె విసిరికొట్టాడు. రిపోర్టులు చేతిలో పెట్టుకుని తనే రాత్రీపగలూ ఆలోచిస్తోంది, ఏమీ తేలటంలేదు.

"మనసులో గుట్టు పెట్టుకున్నవాడికి బీపీ రాక ఏమొస్తుంది" అంది సుబ్బరత్నం.

పడకగది తలుపు తెరుచుకుంది. ముగ్గురూ మాట ఆపేశారు.

కృష్ణారావు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కళ్ళకింద చర్మం ఉబ్బి, నల్లగా సంచుల్లా వేలాడుతోంది. శివపార్వతి మాడిన అట్టు పక్కన పెట్టి ఇంకొకటి పోసి, కాలేదాకా చూసి పళ్ళెంలో పెట్టింది. ఎంత కోపంలో ఉన్నా ఆయనకి మాడింది పెట్టడం ఆవిడ చేతికి రాలేదు.

"ఏంటక్కా, ఇంత పొద్దున్నే" అన్నాడు.

"నాంచారమ్మ దగ్గరికి ఎందుకు వెళుతున్నావురా?"

కృష్ణారావు అల్లం పచ్చడి వేసుకుంటున్నాడు. చెంచా కాసేపు గాలిలోనే ఉండిపోయింది.

"వెళుతున్నాను" అన్నాడు చివరికి.

"వెళుతున్నావని నాకు తెలుసు. ఎందుకని అడిగాను."

ఆయన అక్కవైపు చూడలేదు. భార్యవైపు చూశాడు. ఆ చూపు శివపార్వతికి కొత్తకాదు. పోయిన నెల డాక్టరు గదిలో ఇలాగే చూశాడు. నిద్ర ఎలా పడుతోందని డాక్టరు అడిగితే, ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, దానికేం లోటులేదండీ, పరుపు కూడా కొత్తదే అన్నాడు. డాక్టరు నవ్వి మాత్ర పెంచి రాశాడు.

"మీరనుకునేది ఏమీ లేదక్కా."

"మేమేమనుకుంటున్నామో నీకెలా తెలుసు?"

కృష్ణారావు సగం అట్టు వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు. లిఫ్టు దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చి బల్లమీదా, టీవీ దగ్గరా, సోఫా దిండ్ల కిందా వెతకడం మొదలుపెట్టాడు.

"ఏం కావాలి నాన్నా?"

"కారు తాళం."

ఉషశ్రీ మాట్లాడకుండా ఆయన కుడిచేతివైపు చూపించింది. తాళం వేలికే తగిలించి ఉంది. కృష్ణారావు దాన్ని చూసుకుని, కూతుర్ని చూసి, నవ్వబోయి మానేసి వెళ్ళిపోయాడు.

శివపార్వతి స్టవ్ ఆపింది. పైట చెంగుతో చేతులు తుడుచుకుంటూ, భోజనం చేసి వెళ్ళమని ఆడపడుచుకి చెప్పింది. వంట అయిపోయింది, పెరుగు ఫ్రిజ్‌లో ఉంది, తను మాత్రం బయటికి వెళ్ళి వస్తుంది.

ఉషశ్రీ తనూ వస్తానంది. వద్దంది. బండిమీద దింపుతానంది. బస్సెక్కే రింగు దాకా అయితే సరేనంది.

"అక్కడికి వెళ్ళి గొడవపడకమ్మా. బయటివాళ్ళ ముందు పలచనైపోతాం" అంది సుబ్బరత్నం. ఇప్పుడు ఆవిడ గొంతులో కొంచెం భయం ఉంది.

"గొడవకి వెళ్ళడంలేదు వదినా."

"మరెందుకు?"

"చూడటానికి" అంది శివపార్వతి.

* * *

ఏలూరు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. మబ్బుపట్టి ఉంది. గన్నవరం వచ్చేదాకా ఆవిడ ఏమీ ఆలోచించలేదు. ఆలోచించడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. అది లేక చాలారోజులైంది.

ఉష పుట్టిన ఏడాదే చెరువు తవ్వారు. అప్పటినుంచి ఆయన రాత్రులు చెరువువే అయిపోయాయి. రొయ్య కూడా ఊపిరి పీల్చే ప్రాణే. నీళ్ళలో గాలి కలపడానికి ఏరియేటర్ల రెక్కలు తెల్లవార్లూ తిరుగుతూ నీళ్ళని చిమ్ముతూ ఉండాలి. కరెంటు పోయి అవి ఆగిన వెంటనే లేచి జనరేటరు వేయాలి. మెలకువ రాకపోతే, తెల్లారేసరికి రొయ్యంతా పైకి తేలుతుంది. అందుకని చెరువుగట్టు మీద షెడ్డులోనే పడుకునేవాడు. పొద్దెక్కాక బురద వాసనతో ఇంటికి వచ్చి, తిని, కిటికీకి దుప్పటి కట్టుకుని కాసేపు కళ్ళు మూసేవాడు.

ఆవిడ ఆయన్ని నిద్రలో చూసిందంతా ఆ దుప్పటి చీకట్లోనే. అదైనా వంటింట్లోంచి వచ్చీపోతూ చూడటమే.

ఇన్నేళ్ళలో ఆవిడ నగలు అడగలేదు, ఊళ్ళు తిప్పమని అడగలేదు. ఒక్కటే కోరుకుంది. రాత్రి మెలకువ వచ్చి చెయ్యి చాపితే పక్కన మనిషి నిద్రపోతూ తగలాలి. ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

వైరస్ వచ్చి రెండు పంటలు వరసగా పోయి, ఆయనకి బీపీ ఉందని తేలాక, ఆవిడ మొదటిసారి మొండికేసింది. ఇక చాలు, చెరువులు ఎవరికైనా ఇచ్చేయండి, మనిషిలా రాత్రిపూట ఇంట్లో పడుకోండి అంది. ఆయన ఎదురు చెప్పలేదు. ఆ ఒప్పుకోవడం చూసి ఆవిడకి ఆ రోజంతా ఏడుపే వచ్చింది.

పటమటలో ఇల్లు వెతికినప్పుడు గాలీ వెలుతురూ చూసుకోమన్నారు అందరూ. ఆవిడ చప్పుడు చూసుకుంది. రోడ్డువైపు కాకుండా వెనకవైపు, మూడో అంతస్తులో, కుక్క అరిచినా వినిపించని పడకగది దొరికేదాకా ఒప్పుకోలేదు. మంచం కొంది. పరుపు కొంది. కొత్త తెరలు కుట్టించింది.

పాత ఏసీ ఆడి ఆడి ఆగినప్పుడల్లా ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. దాని మోతకి నిద్ర పాడవుతోందనుకుని ఆవిడ అది తీయించేసి, చప్పుడు చేయని కొత్తది పెట్టించింది. ఫ్రిజ్‌ని హాల్లోకి జరిపించింది. పైవాటావాళ్ళ దగ్గరికి వెళ్ళి, కుర్చీలు లాగవద్దని బతిమాలి వచ్చింది. ఆఖరికి తన గాజులు కూడా ఆయనకి అడ్డమనిపించింది. ముత్తైదువ మట్టిగాజులు తీయకూడదు కనక, రోజూ పడుకోబోయే ముందు వాటికి చేతిరుమాలు చుట్టి ముడివేసుకునేది.

అయినా ఆయన నిద్రపోలేదు.

కళ్ళు మూసుకుని కట్టెలా పడుకునేవాడు. నిద్రపోయే మనిషి ఊపిరికి ఒక బరువుంటుంది. ఆయన ఊపిరికి అది లేదు. ఆవిడ తన ఊపిరి బిగబట్టి మరీ వినేది. ఆయన కదిలితే గబుక్కున కళ్ళు మూసుకునేది. తెల్లారాక, నిద్ర పట్టిందా అని ఒకరినొకరు అడిగేవారు. బాగా పట్టిందని ఇద్దరూ చెప్పేవారు.

ఇష్టమున్న మనిషి పక్కన ఎవరికైనా నిద్ర పడుతుంది. పట్టలేదంటే ఆ మనసు ఇంకెక్కడో ఉందన్నమాట. ఇలా ఆవిడ ఎప్పుడో తేల్చేసుకుంది. అందుకే నిన్న సుబ్బరత్నం ఫోను చేసినప్పుడు ఆశ్చర్యపోలేదు. తాళం కప్పలో తాళంచెవి పెట్టినట్టు ఆ మాట వచ్చి సరిగ్గా కూర్చుంది.

తన ఒంట్లో కూడా ఏదో తేడా వచ్చింది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేస్తోంది. మెట్లెక్కితే గుండె దడదడలాడుతోంది. మొన్న సబ్బు ప్రకటనలో తల్లీపిల్లల్ని చూసి వెక్కివెక్కి ఏడ్చింది. ఇది మనసు బాధ అనుకుంది గానీ, నిద్రలేక ఒళ్ళు అలిసిపోయిందని అనుకోలేదు.

ఎవరో పక్కసీట్లో కూర్చున్నారు. ఒడిలో పూలబుట్ట పెట్టుకున్న పెద్దావిడ. బస్సు కదలగానే కునికిపాట్లు పడుతూ, కాసేపటికి శివపార్వతి భుజంమీద తల వాల్చేసింది. నోరు తెరుచుకుని, ఊళ్ళూ స్టాపులూ ఏమీ పట్టకుండా నిద్రపోయింది.

శివపార్వతి భుజం తీసుకోలేదు. ఆ తల బరువు హాయిగా ఉంది. ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి, నమ్మకంగా తనమీద వాలి నిద్రపోతోంది. జంక్షన్ రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

* * *

ఆటో చెరువుల దగ్గర ఆపించుకుని దిగింది.

నాంచారమ్మ ఇల్లంటే వేరే ఇల్లేమీ కాదు. పంట ముదిరిందని తల్లీకొడుకులు గట్టుమీది పాత షెడ్డుకే మకాం మార్చారు. కృష్ణారావు అన్నేళ్ళు పడుకున్న షెడ్డే అది. పక్కన రేకుల వసారా కొత్తగా దింపారు. దాని ముందు కారు ఉంది.

ముదిరిన పంటకి గాలి ఎక్కువ కావాలి కనక పగలైనా ఏరియేటర్లు వేసి ఉంచారు. చెరువంతా తెల్లగా నురగలు కక్కుతోంది. ఆ హోరులో తన చెప్పుల చప్పుడు తనకే వినిపించలేదు.

నాంచారమ్మ వసారాలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. యాభై దాటిన మనిషి. మొగుడు పోయాక కొల్లేటిలో వలలు లాగి కొడుకుని పెంచింది. శివపార్వతిని చూడగానే కత్తిపీట మడిచి కంగారుగా లేచింది. లేస్తూనే పెదవులమీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా అండీ. కృష్ణారావుగారు పడుకున్నారు. ఇవాళ పొద్దున్నే వచ్చేశారు."

ఇంత హోరులో మెల్లగా ఏమిటో శివపార్వతికి అర్థంకాలేదు. నాంచారమ్మ చూపించినవైపు చూసింది.

వసారా చివర, జనరేటరు గదికి ఆనించి, నులకమంచం. దానిమీద ఆయన.

చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. లుంగీ కట్టుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నుదుటిమీద ముడతలు లేవు. ఛాతీ నిండుగా లేచి, నిదానంగా దిగుతోంది. ఈగ వచ్చి గడ్డంమీద వాలినా తెలియడంలేదు.

శివపార్వతి స్తంభం పట్టుకుని నిలబడిపోయింది.

ఇంకో ఆడమనిషి ఉంటుందని వచ్చింది. ఉండి ఉంటే ఏం మాట్లాడాలో కూడా బస్సు దిగేటప్పుడు అనుకుంది. ఇప్పుడు ఎవరితో మాట్లాడాలి? తను ఇన్నేళ్ళు కోరుకున్నది కళ్ళముందు ఉంది. కానీ తన గదిలో కాదు, తన మంచంమీద కాదు. ఒక్క క్షణం, ఆ చెరువుని చూస్తే ఒళ్ళు మండిపోయింది.

నాంచారమ్మ తనకు తెలిసింది చెప్పింది. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, కాసేపు నడుం వాల్చనా అని అడిగాడట. అప్పటినుంచి రోజూ వస్తున్నాడు, పడుకుంటాడు, లేచి వెళ్ళిపోతాడు. ఇంట్లో ఏవో మాటలు వచ్చి ఉంటాయనుకుంది ఆవిడ.

"మావాడు మీకు ఫోను చేద్దామన్నాడండీ. నేనే వద్దన్నాను. మొగుడూపెళ్ళాల మధ్య మనకెందుకని."

మాటలేమీ రాలేదని శివపార్వతి చెప్పబోయింది.

అంతలో చప్పుడు ఆగిపోయింది.

కరెంటు పోయింది. రెక్కలు ఒకటొకటిగా నెమ్మదించి నిలిచాయి. ఏమైందో శివపార్వతికి తెలిసేలోపే కృష్ణారావు మంచంమీద లేడు. కళ్ళు పూర్తిగా తెరవలేదు, చెప్పులు లేవు, జారే లుంగీని ఒక చేత్తో పట్టుకుని, రెండోచెయ్యి ముందుకు చాచి జనరేటరు గదిలోకి పరిగెత్తాడు.

ఆయన గడప దాటకముందే జనరేటరు దానంతటదే దగ్గి, అందుకుంది. రెక్కలు మళ్ళీ తిరిగాయి.

అవతల గట్టుమీంచి మణికుమార్ నవ్వుతూ కేకేశాడు. "ఆటోమేటిక్ బాబాయ్ అది, దానంతటదే ఆడుద్ది. రోజూ చెబుతున్నాను, రోజూ పరిగెడుతున్నారు."

కృష్ణారావు చాచిన చెయ్యి దించుకున్నాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ఇటు తిరిగి భార్యని చూశాడు.

"ఎప్పుడొచ్చావు?"

"మీరు నిద్రపోతున్నప్పుడు."

నాంచారమ్మ టీ పెడతానని లోపలికి వెళ్ళింది. శివపార్వతి నులకమంచం మీద కూర్చుంది. ఆయన కొంచెం దూరంలో మేత బస్తాలమీద కూర్చున్నాడు, తప్పుచేసి దొరికిన కుర్రాడిలా.

"ఇంట్లో చెప్పొచ్చు కదా" అంది.

"ఏమని చెప్పను? ఎన్నేళ్ళు ఎదురుచూసి అమర్చుకున్న గది పార్వతీ అది. అందులో నాకు నిద్ర పట్టడంలేదని నీకెలా చెప్పను?"

"చీమ చిటుక్కుమనకుండా చేశాను కదండీ."

"అదే" అన్నాడు. "నాకు చప్పుడుకి మెలకువ రాదు. చప్పుడు ఆగితే వస్తుంది. ఆగిందంటే ఏదో చచ్చిపోతోందని లేస్తాను. ఈ గట్టుమీద అలవాటైపోయింది, ఇప్పుడు మానమంటే ఒళ్ళు వినడంలేదు. మన పాత ఏసీయే నయం. అది ఆగినప్పుడు మాత్రమే లేచేవాణ్ణి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఆగడానికి ఏమీ లేదు. గదిలోకి వెళ్ళేసరికే అంతా ఆగిపోయి ఉంటుంది."

శివపార్వతి తన చేతులకేసి చూసుకుంది. ఆయన కూడా అటే చూశాడు.

"నీ గాజులు కూడా వినిపించేవి కాదు. ఓ రాత్రి చూశాను, రుమాలు చుట్టుకున్నావు. ఎందుకో అడగలేకపోయాను."

"మీరు లేస్తారని."

కృష్ణారావు తలవంచుకున్నాడు. గదిలో తనకి మిగిలిందల్లా ఆవిడ ఊపిరి చప్పుడొక్కటేనన్నాడు. అది వింటూ పడుకుందామని చూసేవాడట. కాస్త కునుకు పట్టేసరికి అదీ ఆగిపోయేది.

"నిజంగా ఆగిపోయేది పార్వతీ. నీకేదో జబ్బుందని, నిద్రలో ఊపిరి అందడంలేదని హడలిపోయేవాణ్ణి. ఎన్నిసార్లు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశానో. చెబితే భయపడతావని చెప్పలేదు."

ఆ చెయ్యి ఆవిడకి తెలుసు. మూసిన కళ్ళమీద ఆ చేతినీడ పడటం ఎన్నో రాత్రులు తెలిసింది. తను నిద్రపోయిందో లేదో చూసుకుని లేచి వెళ్ళిపోవడానికనుకుంది. ఆయన వెళ్ళేవాడు కాదు, అయినా అలాగే అనుకుంది.

"ఆగిపోవడంకాదు" అంది. "నేనే బిగబట్టేదాన్ని."

"ఎందుకు?"

"మీరు నిద్రపోయారో లేదో వినడానికి."

కృష్ణారావు ఆవిడని చూస్తూ ఉండిపోయాడు. నవ్వు వచ్చినట్టే వచ్చి మధ్యలో ఇంకేదో అయిపోయింది. మొహం లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూనే ఉన్నాయి. కాసేపు ఇద్దరికీ ఆ హోరే మేలనిపించింది.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెబుదామంది శివపార్వతి. ఆయన సంగతే కాదు, తన సంగతి కూడా. పరుపు సంగతి కాకుండా నిద్ర సంగతి చెబుదామంది. ఆయన సరేనన్నాడు. మరీ తేలిగ్గా సరేనన్నాడు. అందులో ఇంకా ఏదో ఉందని ఆవిడకి అర్థమైంది.

"ఇంకేంటి?" అంది.

"ఏలూరు పెళ్ళినుంచి మొన్న వచ్చాం చూడు, నేనూ ఉషా. గన్నవరం దగ్గర స్టీరింగు మీదే కునుకు పట్టేసింది. వెనకనుంచి లారీవాడు హారన్ కొడితే లేచాను. కారు అప్పటికే అంచుకి పోయింది. పిల్ల ఫోను చూసుకుంటోంది. దానికి తెలియదు."

శివపార్వతి వసారా ముందున్న కారువైపు చూసింది.

"ఆ మర్నాడు మణికుమార్‌ని అడిగాను. రాత్రిళ్ళు కాపలా మనిషి కావాలంటున్నాడు వాడు. మునుపటిలాగే రాత్రి ఇక్కడ పడుకుంటాను, పొద్దున్నే వచ్చేస్తాను. ఈ మంచంమీద ఓ గంట పడుకుంటే ఆ పూటకి మనిషినవుతున్నాను. తల పనిచేస్తోంది, కోపం రావడంలేదు. రాత్రంతా పడుకుంటే..." ఆగి, మెల్లగా అన్నాడు. "నువ్వు వద్దంటే రాను. నిజంగా రాను పార్వతీ."

వద్దంటే రాడు. ఆవిడకి తెలుసు. ఇంటికి వచ్చి ఆ కొత్త పరుపుమీద, ఆవిడ పక్కనే, ఆవిడ కోసం కళ్ళు మూసుకుని పడుకుంటాడు. మందులో అలవాటో డాక్టరు ఏదో చెబుతాడు, అది ఎప్పటికి పనిచేస్తుందో ఏమో. ఈలోపల ఆయన కారు నడుపుతాడు. వెళ్ళమంటే మళ్ళీ పాత రాత్రులు. మళ్ళీ చెయ్యి చాపితే దుప్పటి. ఇంత చేసి, ఊరు మారి, ఇల్లు మారి, మళ్ళీ అక్కడికే.

ఒక్క మాట చెప్పాలి. అది నోట్లోనే ఉంది. ఏ మాటో మాత్రం ఆవిడకే తెలియడంలేదు.

మణికుమార్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పిన్నిగారు బాగున్నారా అని పలకరించి, బాబాయ్ వైపు తిరిగాడు. ఇవాళ ఏదో ఒకటి తేల్చాలన్నాడు. ఈయన వస్తానంటే సరే, లేదంటే వేరే మనిషికి మాట ఇచ్చేయాలి, పంట కోతకొచ్చే వేళ గట్టు వదిలేసి ఉండలేడు.

కృష్ణారావు భార్యని చూస్తున్నాడు.

నాంచారమ్మ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నాంచారమ్మా" అంది శివపార్వతి. "ఇక్కడ మంచం ఇదొక్కటేనా? ఇంకోటి ఉందా?"

"లోపల ఒకటుందండీ. ఎవరికండీ?"

కృష్ణారావు బస్తాలమీంచి లేచి నిలబడ్డాడు.

"ఈ హోరులో నీకు కునుకు కూడా పట్టదు పార్వతీ."

"పట్టదు" అందావిడ.

"మరి?"

ఆవిడ మంచం పక్కనున్న ఖాళీలోకి చెయ్యి చాపి, ఎంత దూరం అందుతుందో చూసుకుని, చెరువువైపు తిరిగి కూర్చుంది. నాంచారమ్మ మంచం తేవాలో వద్దో తెలియక, గ్లాసులతో అలాగే నిలబడి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.